పన్నెండు పలకల మూట

అమెరికాలో యోసెమిటీ లోయ నుంచి దాదాపు 5000 అడుగులు పైకి లేచిన కొండ హాఫ్‌ డోమ్‌. దాని పడమటి భుజాన 'డైవింగ్‌ బోర్డ్‌' అనే రాతి అంచు. 1927 ఏప్రిల్‌ 10న ఆన్సెల్‌ ఆడమ్స్‌ మంచులో నడుస్తూ అక్కడికి ఎక్కాడు... వీపున సుమారు 18 కిలోల మూటతో! పెద్ద కెమెరా, లెన్సులు, ఫిల్టర్లు, స్టాండు, పన్నెండు గాజు పలకలు. పలకకు ఒక్కటే ఫొటో. ఇంకో డజను పెట్టుకోవచ్చుగా అంటే, మోసేదెవరు? తీరా హాఫ్‌ డోమ్‌ ఎదుట నిలిచేసరికి మిగిలినవి రెండే. ఒకటి పసుపు ఫిల్టరుతో అయిపోయింది. ఆకాశం తేలిపోతుందనిపించి, ఆఖరి పలకకు ముదురెరుపు ఫిల్టరు బిగించాడు. నల్లని ఆకాశంతో పేరుపడ్డ 'మోనోలిత్‌' చిత్రం అదే.

ఇప్పుడు గాజు బదులు ఫిల్మ్‌. అయినా హోల్డరుకు రెండు షీట్లే. అందుకే ఈ కెమెరాలవాళ్లు సంచి కొనేటప్పుడు జేబులకన్నా ముందు నడుము పట్టీని లాగి చూస్తారు.