పాత లైను

బాలాజీ గుడికి దగ్గరని 1996లో అరోరాలో ఇల్లు కొన్నాం. రెండో ఫోను లైను వేయిస్తే కొత్తది పలికింది. ఊళ్ళో అందరి దగ్గరా ఉన్న పాత నంబరు మూగబోయింది. "లోపం ఇంట్లోనే" అంది ఫోను కంపెనీ. "బయటే" అన్నాడు కాంట్రాక్టరు. 1987 నుంచి ఇంటి లోపలి వైరింగు ఇంటివాళ్ళ బాధ్యతేనట!

నాలుగో రోజు నేనే బయటి గోడకున్న పెట్టె తెరిచి, టెస్ట్ జాక్‌లో ఫోను పెడితే టోను వచ్చింది. అంటే లోపం ఇంట్లోనే. బేస్‌మెంటులో చూస్తే, కొత్త లైనుకు పసుపు, నలుపు తీగలు బిగించిన మహానుభావుడు పాత లైను ఎర్ర తీగను వదిలేశాడు.

బిగించిన రాత్రే తెనాలి నుంచి అమ్మ. "రింగవుతూనే ఉంది, ఎత్తరేమిరా? ఆసుపత్రిలో నాన్నగారు నీ గొంతు వినాలంటున్నారు." మేం ఊరికి ఫోను చేసేది ఆదివారాలే మరి.

నాన్నగారు కోలుకున్నారు. నేను మాత్రం అందరికీ చెబుతుంటాను: పనివాడు వెళ్ళేలోగా పాత లైను కూడా ఎత్తి చూసుకోండి.