బాకీ సర్కారుది, తాకట్టు మన సర్టిఫికెట్లు



పోయిన వారం హాస్టల్ మెస్ గురించి రాసిన తర్వాత చానా మెసేజులు వచ్చినయి. సగం మెసేజుల్ల మెస్ ముచ్చటే లేదు. "అన్నా, మా కాలేజోళ్లు టీసీ ఇస్తలేరు" అని ఒకరు. "మెమోలు అడిగితే రీయింబర్స్‌మెంట్ రాలే, పైసలు కట్టి తీస్కపో అంటున్నరు" అని ఇంకొకరు. వికారాబాద్, పరిగి, కొడంగల్, మా తాండూరు, ఎక్కడి నుంచి రాసినా అదే బాధ. అందుకే ఈ భాగం మొత్తం దాని మీదనే.

ముందుగల్ల ఒక మాట సాఫ్ చేస్కుందాం. ఫీజు రీయింబర్స్‌మెంట్ అంటే సర్కారు కట్టాల్సిన పైసలు. మీరు దరఖాస్తు పెట్టిన్రు, అర్హులని తేలింది, మంజూరు అయ్యింది. ఆడికి మీ పని అయిపోయింది. ఆ తర్వాత బాకీ సర్కారుకూ కాలేజీకీ నడుమ. కానీ బాకీ వసూలుకు కాలేజీ సర్కారు గల్లా పట్టలేదు. చేతికి దొరికేది మీ సర్టిఫికెట్టే, అందుకే దాన్ని పట్టుకుంటది.

ఇది ఎట్ల నడుస్తదో తెల్వకుంటే కొట్లాడలేం. ఈ-పాస్‌ల రెండు రకాల పైసలుంటయి. ఆర్‌టీఎఫ్ అంటే ట్యూషన్ ఫీజు. ఎంటీఎఫ్ అంటే మీ ఖర్చులకు ఇచ్చే మెయింటెనెన్స్. మీసేవల కులం, ఆదాయం సర్టిఫికెట్లు తీసుకోవాలె. ఆన్‌లైన్ల దరఖాస్తు పెట్టాలె. ఆధార్ వేలిముద్ర వెయ్యాలె. కాలేజీ వెరిఫై చెయ్యాలె. జిల్లా ఆఫీసు మంజూరు చెయ్యాలె. బిల్లు ట్రెజరీకి పోవాలె. అక్కడ టోకెన్ పడ్తది. టోకెన్ పడ్డదంటే పైసలు పడ్డయని పిల్లలు సంబురపడ్తరు. టోకెన్ అంటే బిల్లు లైన్ల నిలబడ్డదని మాత్రమే. లైన్ ఎప్పుడు కదులుతదో టోకెన్ మీద రాసుండదు.

ప్రతి మెట్టు కాడ ఎవరో ఒకరు జారిపోతరు. బషీరాబాద్ దిక్కు తమ్ముడొకడు సెలవుల్ల బండ పాలిషింగ్ పనికి పోయేటోడు. నాపరాయిని రుద్ది రుద్ది వేళ్ల గీతలు అరిగిపోయినయి. వేలిముద్ర మిషన్ మీద నాలుగుసార్లు పెట్టిండు, నాలుగుసార్లూ పడలే. "చెయ్యి సబ్బుతోని కడుక్కొని రా" అన్నడట కౌంటర్ కాడ కూసున్నాయన. ఇంకో చెల్లె కుల సర్టిఫికెట్ మీద రంగారెడ్డి జిల్లా అని ఉంది. 2016 అక్టోబర్‌ల వికారాబాద్ జిల్లా అయ్యింది కదా, అంతకుముందు తీసుకున్న కాయితం మీద ఇంకేముంటది? కొత్తది తెమ్మన్నరు. జిల్లాను మార్చింది సర్కారు. కొత్త కాయితం కోసం కూలి పోగొట్టుకొని రెండు రోజులు తిరిగింది ఆ పిల్ల నాయిన.

నా ముచ్చట కూడా చెప్త. మా నాయిన తాండూరు కాడ నాపరాయి గనిల బండలు తీసేటోడు. నేను తాండూరుల ఒక ప్రైవేటు కాలేజీల డిగ్రీ చదివిన. మూడేండ్లు అయిపోయినయి, హైదరాబాద్‌ల పీజీ సీటు వచ్చింది. టీసీ కోసం పోతే రెండేండ్ల ఫీజు రాలేదు, పద్దెనిమిది వేలు కట్టుమన్నరు. "సర్కారు ఇచ్చినంక మీకు తిరిగి ఇస్తం" అన్నరు. నాలుగు రోజుల్ల సీటు పోతది. నాయిన గని సేటు కాడ అడ్వాన్సు తీసుకున్నడు. అడ్వాన్సు అంటే తెలుసు కదా, అది తీరేదాక ఇంకో గనికి పోవద్దు, కూలి పెంచుమని అడగొద్దు.

ఎనిమిది నెలలకు ఈ-పాస్‌ల నా ఫీజు కాలేజీకి జమ అయ్యిందని చూపెట్టింది. తిరిగి ఇయ్యుమని పోయిన. "అకౌంటెంట్ లేడు" అన్నరు. ఇంకోసారి "అది వేరే సంవత్సరం పైసలు" అన్నరు. కట్టినప్పుడు ఇచ్చింది తెల్ల కాయితం మీద చేతితోని రాసిన చీటీ. రసీదు అంటే అట్లనే ఉంటదేమో అనుకునే వయసు నాది. ఏడుసార్లు తిరిగితే ఆరు వేలు చేతికొచ్చినయి. మిగతా పన్నెండు వేలు మా నాయిన నడుముతోని కట్టిండు.

గందుకే ఇది "ఆఫీసుల ఆలస్యం" అనే చిన్న ముచ్చట కాదంటున్న. ఫైలు ఆడ ఆగితే, ఈడ ఒక ఇంట్ల మనిషి తాకట్టు పడ్తడు. చదువు మనల్ని గనిల నుంచి బయటికి తెస్తదని పోతే, చదువు పేరు మీదనే గనికి ఇంకో ఏడాది బాకీ పడ్డం.

ఈ పైసలు ఎవరి దయ కాదు. బాబాసాహెబ్ బరోడా స్కాలర్‌షిప్ మీద 1913ల కొలంబియా పోయిండు. స్కాలర్‌షిప్ గడువు అయిపోతే 1917ల లండన్ చదువు నడుమ ఆపి వాపస్ రావాల్సి వచ్చింది. స్కాలర్‌షిప్ ఆగుడు అంటే ఏందో ఆయనకు తెలుసు. వైస్రాయ్ కౌన్సిల్‌ల ఉన్నప్పుడు మన పిల్లల చదువుకు పైసలు కావాలని కొట్లాడిండు. ఎస్సీలకు పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ 1944ల మొదలైంది. ఉమ్మడి రాష్ట్రంల ఫీజు రీయింబర్స్‌మెంట్ 2008 నుంచి వచ్చింది. మన వాడల్ల మొదటి ఇంజనీరు, మొదటి ఫార్మసిస్టు ఎట్ల అయిన్రో అడగుండ్రి. ఎక్కువమంది ఈ తొవ్వలనే వచ్చిన్రు.

పైసలు ఆగితే ఏమైతదో రోహిత్ వేముల మనకు చెప్పి పోయిండు. 2016 జనవరిల రాసిన ఆఖరి ఉత్తరంల కూడా తనకు రావాల్సిన ఏడు నెలల ఫెలోషిప్ లెక్క రాయాల్సి వచ్చింది ఆయనకు.

కాలేజీలనే తిట్టి ఊకుంటే సగం నిజమే చెప్పినట్టు. 2024 అక్టోబర్‌ల ప్రైవేటు డిగ్రీ, పీజీ కాలేజీలు బకాయిల కోసం బంద్ పెట్టినయి. 2025 నవంబర్ 3 నుంచి ఇంజనీరింగ్ సహా ప్రైవేటు కాలేజీలు మల్ల బంద్ చేసినయి. నెలల తరబడి జీతాలు లేని లెక్చరర్లు ఉన్నరు, వాళ్లల్ల మనోళ్లూ ఉన్నరు. కానీ ఒకటి చూడుండ్రి. బంద్ పెడితే యాజమాన్యాలను సర్కారు పిలిచి మాట్లాడ్తది, ఇన్ని కోట్లు ఇస్తమని చెప్తది. టీసీ ఆగిన పిల్లను ఎవరు పిలుస్తరు? బాకీల ముగ్గురున్నరు, మాటల్ల ఇద్దరే ఉన్నరు.

ఆ నవంబర్ 3 తారీఖును తాండూరు మర్చిపోదు. ఆ పొద్దుగాల్నే తాండూరు నుంచి హైదరాబాద్ పోయే ఆర్టీసీ బస్సును మీర్జాగూడ కాడ కంకర టిప్పర్ గుద్దింది. చనిపోయినోళ్లల్ల చదువుకునే ఆడపిల్లలున్నరు. మన దిక్కు పిల్లలు ఎంత దూరం పోయి, ఎసుంటి తొవ్వ మీద పోయి చదువుతున్నరో ఆ రోజు రాష్ట్రమంతా చూసింది. అంత కష్టపడి తెచ్చుకున్న మార్కుల కాయితాన్ని బీరువల పెట్టి తాళం వేసే హక్కు ఎవరికున్నది?

ఎవరికీ లేదు. ఒరిజినల్ సర్టిఫికెట్లు కాలేజీలు దగ్గర పెట్టుకోవద్దని యూజీసీ 2018ల నోటిఫికేషన్ ఇచ్చింది. 2020 డిసెంబర్‌ల కేంద్రం ఎస్సీ స్కాలర్‌షిప్ పద్ధతి మార్చింది. 60 శాతం కేంద్రం, 40 శాతం రాష్ట్రం అన్నది. కేంద్రం వాటా నేరుగా విద్యార్థి ఖాతాల వెయ్యాలన్నది. సీటు ఇచ్చేటప్పుడు ముందే ఫీజు అడగకుండ ఫ్రీషిప్ కార్డు ఉండాలని మార్గదర్శకాలల్ల రాసింది. రాతలకు కొదువ లేదు. అవి కాలేజీ కౌంటర్ దాక వస్తలేవు. మనమే తీస్కపోవాలె.

అందుకే ఇది చెయ్యుండ్రి. టీసీ నోటితోని అడగొద్దు, దరఖాస్తు రాసి ఇయ్యుండ్రి, రెండో కాపీ మీద ముద్ర ఏపిచ్చుకోండ్రి. తీసుకోకుంటే రిజిస్టర్ పోస్టుల పంపుండ్రి. ఈ-పాస్ స్టేటస్ తారీఖుతోని ఫొటో తీసి పెట్టుకోండ్రి. ఒక్క రూపాయి కట్టినా అచ్చు రసీదు లేకుండ కదలొద్దు. మీ బిల్లు ఏ తారీఖున ట్రెజరీకి పోయిందో, టోకెన్ నంబర్ ఎంతనో సమాచార హక్కు కింద అడగుండ్రి, 30 రోజుల్ల జవాబు ఇయ్యాలె. సోమవారం కలెక్టరేట్‌ల ప్రజావాణి ఉంటది. ఒక్కరు పోవద్దు, ఒకే కాలేజీ పిల్లలు పది మంది కలిసి, పది దరఖాస్తులతోని పోండ్రి. ఒక్కని కాయితం ఫైలు కింద పోతది. పది మంది నిలబడితే ఆఫీసరు తలకాయ ఎత్తి చూస్తడు. పోయిన ఎండకాలం వికారాబాద్‌ల పదకొండు మంది ఇట్లనే పోయిన్రు. వారం తిరక్కముందే తొమ్మిది మందికి టీసీలు వచ్చినయి. ఇద్దరివి ఇంకా రావాలె, వాళ్లతోని మల్ల పోతున్నం.

సర్కారును అడిగేది రెండే. టోకెన్లు కాదు, పైసలు ఇయ్యుండ్రి, ఏ నెలల ఇస్తరో ముందే చెప్పుండ్రి. బకాయి ఉన్నా లేకున్నా సర్టిఫికెట్ ఆపిన కాలేజీ మీద చర్య తీసుకోండ్రి.

మీ కాడ ఆగిన సర్టిఫికెట్ ముచ్చట ఉంటే కాలేజీ, కోర్సు, ఏ సంవత్సరం, ఎంత అడిగిన్రు అని నాకు మెసేజ్ పెట్టుండ్రి. పేర్లు బయట పెట్టను. జిల్లా లెక్క ఒక్కకాడ పెట్టి, వచ్చే సోమవారం అందరం కలిసి పోదాం.

జై భీమ్.