ఉప్పల్ నుంచి నాచారం దాకా

హైదరాబాదు నగరానికి తూర్పున ఉప్పల్ ఉన్నది. వరంగల్లు వెళ్ళే రోడ్డు దాని మీదుగానే పోతుంది. అక్కడికి కొద్ది దూరంలో నాచారం. ఒకప్పుడు ఈ రెండూ పొలాలూ, చెరువులూ గల పల్లెలు. ఇప్పుడు ఉప్పల్ అనగానే పిల్లలకు క్రికెట్ స్టేడియం గుర్తుకు వస్తుంది. నాచారం అనగానే పెద్దవాళ్ళకు ఫ్యాక్టరీలు గుర్తుకు వస్తాయి. 2017లో మొదలైన మెట్రో రైలు ఉప్పల్‌లో రోడ్డుకు చాలా ఎత్తున పరుగెత్తుతుంది.

ఉప్పల్‌కు మరొక విశేషం ఉన్నది. మన దేశపు పటాలు తయారుచేసే సర్వే ఆఫ్ ఇండియా వారి శిక్షణ సంస్థ ఇక్కడే ఉన్నది. సర్వే ఆఫ్ ఇండియా 1767లో ఏర్పడింది. 1802లో లాంబ్టన్ అనే ఆయన మద్రాసు దగ్గర సుమారు 12 కిలోమీటర్ల గీతను ఉక్కు గొలుసుతో కొలిచాడు. త్రికోణంలో ఒక భుజం పొడవూ, రెండు కోణాలూ తెలిస్తే, మిగిలిన భుజాలను నడిచి కొలవనక్కరలేదు, లెక్క కట్టవచ్చు. ఆ భుజం మీద ఇంకొక త్రికోణం, దాని మీద మరొకటి, ఇలా కట్టుకుంటూ పోయి దేశాన్ని కొలిచారు. ఆ పనిలో లాంబ్టన్‌కు సహాయంగా 1818లో హైదరాబాదు వచ్చిన యువకుడే జార్జి ఎవరెస్టు. తరవాత ప్రపంచంలోకల్లా ఎత్తయిన శిఖరానికి ఆయన పేరే పెట్టారు.

పిల్లలూ, పటాల సంగతి వచ్చింది గనక, ఒక ఫ్రెంచి రచయిత కథ చెబుతాను. ఆయన పేరు ఆంత్వాన్ ద సాంతెగ్జుపెరీ. 1900లో లియాన్ నగరంలో పుట్టాడు. 1926లో ఉత్తరాలు మోసే విమానాల కంపెనీలో చేరాడు. ఆ రోజుల్లో విమానంలో రేడియో వంటి సహాయం లేదు. పైలట్లు కిందికి చూసి, పటంతో పోల్చుకుంటూ దారి తెలుసుకునేవారు.

స్పెయిన్ మీదుగా మొదటిసారి వెళ్ళబోయే ముందు సాంతెగ్జుపెరీ తన మిత్రుడు గియొమే దగ్గరకు పటం పట్టుకుని వెళ్ళాడు. గియొమే ఆ దారిలో ఎన్నోసార్లు తిరిగినవాడు. ఆయన పెద్ద పట్టణాల గురించి చెప్పలేదు. ఫలానా పొలం అంచున మూడు నారింజ చెట్లున్నాయనీ, ఫలానా బయలులో గడ్డి చాటున ఒక చిన్న వాగు ఉన్నదనీ చెప్పాడు. విమానం పాడై అక్కడ దిగవలసి వస్తే ఆ వాగే ప్రాణం తీస్తుంది! అయితే పటంలో మాత్రం ఆ వాగు లేదు. సాంతెగ్జుపెరీ అవన్నీ తన పటం మీద గుర్తులు పెట్టుకున్నాడు.

ఆయన పత్రికా విలేఖరిగా కూడా పనిచేశాడు. 1935లో మాస్కో వెళ్ళాడు. 1936లోనూ, 1937లోనూ స్పెయిన్ వెళ్ళి, అక్కడి అంతర్యుద్ధాన్ని కళ్ళారా చూసి రాశాడు. 1935 డిసెంబరులో ఆయన విమానం లిబియా ఎడారిలో కూలిపోయింది. ఆయనా, ఆయన మెకానిక్కూ నీళ్ళు లేక చావుకు దగ్గరపడ్డారు. చివరకు ఒక ఎడారివాసి వచ్చి కాపాడాడు.

1943లో న్యూయార్కులో ఆయన పిల్లల పుస్తకం వెలువడింది. దాని పేరుకు "చిన్ని రాకుమారుడు" అని అర్థం. అందులో ఒక భూగోళ శాస్త్రజ్ఞుడున్నాడు. అతడు బల్ల దగ్గరనుంచి లేవడు. తన గ్రహం మీద సముద్రాలున్నాయో లేవో కూడా అతడికి తెలియదు! ఎవరైనా తిరిగివచ్చి చెబితే రాసుకుంటాడు. అదీ కొండలూ, సముద్రాలూ అయితేనే. పువ్వులు నాలుగు రోజులకే పోతాయి గనక, వాటిని రాయడు.

ఆ మరుసటి సంవత్సరమే, 1944 జూలై 31న, శత్రువులున్న ప్రాంతాన్ని ఆకాశంనుంచి ఫొటోలు తీయటానికి వెళ్ళి, సాంతెగ్జుపెరీ తిరిగి రాలేదు. ఆయన విమాన శకలాలు 2000లో మార్సే దగ్గర సముద్రంలో దొరికాయి.

ఇక మన దారికి వద్దాం. ఉప్పల్ నుంచి హబ్సిగూడ వైపు వెళితే, భూమి లోపలి సంగతులు పరిశోధించే జాతీయ సంస్థ ఉన్నది. దాన్ని 1961లో స్థాపించారు. హబ్సిగూడ దగ్గర కుడివైపు తిరిగితే నాచారం వెళ్ళవచ్చు.

నాచారంలో పెద్దచెరువున్నది, ఉప్పల్‌లో నల్లచెరువున్నది. చెరువు కొండలాగా స్థిరమైనది కాదు. ఎండాకాలంలో నీరు తగ్గి, శిఖం భూమి మైదానంలా కనిపిస్తుంది. దాన్ని మట్టితో పూడ్చి ఇళ్ళు కట్టటం కష్టం కాదు. కాని వానకు చెరువు హద్దు తెలుసు. 2020 అక్టోబరులో హైదరాబాదులో కుండపోతగా వాన కురిసింది. చెరువులు పొంగి ఎన్నో కాలనీలు మునిగాయి. నీరు తన పాత చోటు వెతుక్కుంటూ ఇళ్ళలోకి వచ్చింది.

అలాటప్పుడు చెరువు హద్దు ఎంతవరకూ ఉన్నదీ చెప్పేది పాత పటమే. ఏ సందులో నీరు నిలుస్తుందో, ఏ కాలువ పూడిపోయిందో చెప్పగలవారు అక్కడ చిరకాలంగా ఉన్న తాతలూ, అమ్మమ్మలూ. ఈ రెండూ కలిస్తేనే సరైన పటం అవుతుంది.

మీరు కూడా మీ వీధి పటం ఒకటి గీయండి. ఇళ్ళూ, బడీ సరే. వాననీరు ఏ వైపు పారుతుందో, ఏ చెట్టు ఎక్కడున్నదో కూడా గుర్తు పెట్టండి. పెద్దవాళ్ళను అడిగి, పూర్వం అక్కడ ఏముండేదో పక్కన రాయండి. ఏడాది తరవాత మళ్ళీ అదే వీధిలో నడిచి, ఏమేం మారాయో చూడండి.