రోడ్డు అవతల నుంచి పిల్లల్ని పిలవమాకండి

మిరప ధర గురించో, నల్ల తామర పురుగు గురించో రాస్తానని చూసేవాళ్ళకి ముందే చెబుతున్నా, ఇయ్యాల అది కాదు. చాలా రోజులుగా కడుపులో పెట్టుకున్న మాట ఒకటుంది. మా కోడలు కూడా ఈ పేజీ చదువుద్ది. చదవనీ.

2025 ఫిబ్రవరి. తెల్లారితే శివరాత్రి. గుంటూరు నుంచి అమరావతి వచ్చే రోడ్డులో లాం, తాడికొండ అడ్డరోడ్డు దాటి ఇంకాస్త ముందుకొస్తే మా ఊరు. అమరేశ్వరుడి గుడికి పోయే కార్లు, ఆటోలు ఒక పక్క, ఇసుక, కంకర టిప్పర్లు ఒక పక్క. రోడ్డుని ఆనుకునే మా కల్లం. కాయలు తొక్కిన టిక్కీలు రోడ్డు మార్జిన్ దాకా పేర్చాం. లారీ ఎక్కించటానికి దగ్గరగా ఉంటాయని.

నేను ఫోన్లో కొట్టు గుమస్తాతో మాట్లాడుతున్నా. క్వింటాకి 11,781 అని కేంద్రం చెప్పింది ఆ రోజుల్లోనే. ఆ లెక్క మన దాకా వచ్చిద్దా రాదా అని నా గోల నాది. అవతల పక్క బడి ఆటో ఆగింది. మా మనవరాలు దిగింది. ఒకటో తరగతి, ఆరేళ్ళు. నేను ఫోను చెవి దగ్గర్నుంచి తియ్యకుండానే ఇంకో చెయ్యి ఊపి, "చిట్టీ, రా!" అన్నా.

పిల్ల నన్నే చూసుకుంటా పరిగెత్తింది. ఆటో ముందు నుంచి వచ్చింది, కుడీ ఎడమా చూడలా. తాత పిలిచాక ఇంకేం చూస్తది? టిప్పరు బ్రేకు చప్పుడు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. బండి పక్కకి కోసుకుపోయి మా టిక్కీల్ని రాసుకుంటా ఆగింది. పిల్ల నా కాళ్ళ దగ్గరకొచ్చి పడింది. చెప్పొకటి రోడ్డు మధ్యలో ఉండిపోయింది.

డ్రైవరు కుర్రోడు, పాతికేళ్ళు ఉంటయ్యేమో. తిడతాడనుకున్నా. దిగొచ్చి టిక్కీ మీద కూలబడి మంచినీళ్ళు అడిగాడు. చేతులు వణుకుతున్నయ్. "పెద్దాయనా, ఆటో అవతల పాప ఉందని నాకు కనపళ్ళా" అన్నాడు. నా దగ్గర మాట లేదు. ఇంటికెళ్ళి, చెప్పు తెగిందని చెప్పా. పిల్లని కూడా ఏం చెప్పొద్దన్నా. ఆ రెండో తప్పు మొదటిదానికన్నా పెద్దదని తర్వాత అర్థమైంది.

"జాగ్రత్తగా రామ్మా" అని రోజూ చెబుతానే ఉన్నాం కదా, మరి పిల్లకి ఎందుకు రాలేదని ఆ రాత్రంతా ఆలోచించా. పొద్దున్నే ఆటో ఆగే చోటుకి పోయి, పిల్ల ఎత్తుకి గొంతుకూర్చున్నా. చూసేవాళ్ళు నవ్వారు. అక్కణ్ణుంచి నాకు కనపడింది ఆటో చక్రం ఒక్కటే. ఇటు మా కల్లం వైపొచ్చి కూర్చుంటే, మా టిక్కీల గుట్ట తప్ప రోడ్డే కనపళ్ళా. మనం నిలబడి చూసే రోడ్డు వేరు, మూడున్నర అడుగుల పిల్ల చూసే రోడ్డు వేరు.

ఆ రోజు నుంచి నేర్పటం మొదలెట్టా. ఇంట్లో కాదు, రోడ్డు పక్కనే, చెయ్యి పట్టుకుని. ఫోన్లో చూసిన వీడియో ప్రకారం ముందు ఎడమ పక్క చూడాలని మా పిల్ల అన్నది. అది బళ్ళు కుడి పక్కన నడిచే దేశాల వాళ్ళు చేసింది. మన దగ్గర బళ్ళు ఎడమ పక్కన పోతాయి. అందుకని దాటబోయేటప్పుడు ముందు మీద పడేది కుడి పక్క నుంచి వచ్చే బండి. కుడి, ఎడమ, మళ్ళీ కుడి. కుడి ఎడమలు తారుమారయ్యే పిల్లలకి "ముందు అన్నం తినే చెయ్యి వైపు" అని చెప్పండి, మర్చిపోరు. ఈ వీడియోలు చూసే పిల్లలు మీ ఇళ్ళల్లో కూడా ఉంటారు, ఒకసారి అడిగి చూడండి.

ఇంకోటి. దూరంగా లారీ వస్తుంటే "చిన్నగా ఉంది తాతా, పోదాం" అంది. పిల్లలకి దూరం అంటే చిన్నది, అంతే. వేగం అందదు. తొమ్మిది పదేళ్ళ దాకా వేగం అంచనా సరిగ్గా రాదు, అది వాళ్ళ తప్పు కాదు. మా రోడ్డు ఏడు మీటర్ల వెడల్పు. పిల్ల నడిచి దాటటానికి ఏడు సెకన్లు పట్టింది, నేనే లెక్కపెట్టా. గంటకి 60 కిలోమీటర్ల మీద వచ్చే బండి ఆ ఏడు సెకన్లలో దాదాపు 117 మీటర్లు వచ్చేస్తది. కాబట్టి అంచనా వెయ్యటం పిల్లకి నేర్పలా. ఏ పక్కయినా బండి కనపడితే ఆగు, అంతే అని నేర్పా. ఆటో గానీ బస్సు గానీ దిగితే, అది పోయిందాకా కదలొద్దు. రోడ్డు వెంబడి నడిచేటప్పుడు కుడి పక్కన నడవాలి, ఎదురొచ్చే బండి కనపడాలి కాబట్టి. పరుగు అసలే వద్దు.

జపాన్‌లో ఒకటో తరగతి పిల్లలకి పసుపు టోపీలు పెడతారు, రోడ్డు దాటేటప్పుడు చెయ్యి పైకెత్తమని నేర్పుతారు. చెయ్యెత్తటం మా పిల్లకి కూడా నేర్పా. అయితే మన దగ్గర చెయ్యెత్తితే బండి ఆగిద్దని మాత్రం నమ్మించమాకండి. అది కనపడటానికే.

రెండు నెలలకి అలవాటైంది. ఒకరోజు చెప్పి వదిలేస్తే రాదు. అలవాటైందని నేను చెయ్యి వదల్లేదు, ఇంకో రెండు మూడేళ్ళు వదలను కూడా. ఆటో వచ్చే టైముకి నేనే అవతల పక్కకి పోయి నిలబడతా. కోతలు ఉన్నా, కూలోళ్ళు ఉన్నా, ఫోను మోగినా.

కేంద్ర రవాణా శాఖ లెక్కల్లో 2022లో దేశం మొత్తం మీద రోడ్డు ప్రమాదాల్లో పోయింది 1,68,491 మంది. అందులో 32,825 మంది నడిచి పోయేవాళ్ళే. ఆ లెక్క చూసినప్పుడు టిప్పరోళ్ళని తిట్టబుద్ధయిద్ది. వాళ్ళ వేగం సంగతి వాళ్ళది, దాన్ని నేను వెనకేసుకు రావట్లా. కానీ ఆ రోజు మార్జిన్‌ని టిక్కీలతో మూసింది నేను, పిల్లని పిలిచింది నేను. మనం రోడ్డు మీద మొక్కజొన్న ఆరబోసి చుట్టూ రాళ్ళు పెడతాం. కాయలకి పట్టా పరుస్తాం. పత్తి బోరేల ట్రాక్టర్ని చీకట్లో వెనక లైటు లేకుండా ఆపుతాం. పిల్లలు నడవాల్సిన జాగా అదే. జాగా లేక తారు రోడ్డు మీదకి ఎక్కుతారు.

ఇప్పుడు టిక్కీలు రోడ్డుకి పది గజాలు లోపల పెడుతున్నా. మోత కూలి కొంచెం ఎక్కువైంది, ముఠా వాళ్ళు గొణిగారు. మా పక్క కల్లం ఆయనకి రాళ్ళ సంగతి రెండుసార్లు చెప్పా, "ఇన్నేళ్ళు లేంది ఇప్పుడేంది బావా" అంటాడు. ఆయన మనవడు మొన్ననే బడిలో చేరాడు. రేపు పొద్దున ఆ పిల్లోణ్ణి కూడా తీసుకుపోయి మా వాళ్ళ ఆటో దగ్గర నిలబెట్టి చూపిస్తా.