అత్తెసరు పాఠము

"మగపిల్లలకు వంట నేర్పుట యేల?" యని కొందఱు తలిదండ్రులు మమ్మడుగుచుందురు. చదువునకు పంపిన బిడ్డ పొయ్యియొద్ద కూర్చుండుట వారికి చిన్నతనముగా తోఁచును. తాము పడిన కష్టము బిడ్డలకు రాకూడదనియే వారి కోరిక; దానిని మేము తేలికగా తలంపము. అయినను వంట చదువునకు వెలిగాదని మనవిచేయుచున్నాము.

మేము మొదట నేర్పునది అత్తెసరు. గంజి వార్చునపుడు నీటికి లెక్క యక్కఱలేదు. అత్తెసరునకు లెక్క తప్పరాదు. నాలుగు గిన్నెల పాతబియ్యమునకు ఎనిమిది గిన్నెల నీరు పోయించితిమి. అన్నము పొడిపొడిగా వచ్చెను. అదే కొలతను కొత్తబియ్యమునకు పోయించి చూపితిమి, ముద్దయయ్యెను. నల్లబల్లమీఁద సరిపోయిన నిష్పత్తి పొయ్యిమీఁద ఏల మాఱెనని బాలురే తర్కించి, పాతబియ్యము ఎక్కువ నీటిని పీల్చునని తెలిసికొనిరి.

వార్చిన గంజితో బి-1 విటమిను కొంత పోవును. దాని లోపమువలన కలుగు బెరిబెరి పూర్వము ఉత్తర సర్కారులలో విశేషముగా నుండెను. తవుడు పోయిన బియ్యమునకును ఈ వ్యాధికిని గల సంబంధమును చూపిన ఐక్‌మన్ పండితునకు 1929లో నోబెల్ బహుమానము లభించెను. ఈ సంగతి పుస్తకమున చదివినదానికంటె, గంజి వార్చని కుండయెదుట విన్నపుడు బాలుర మనస్సున నిలిచినది.

మఱియొక లాభమును గలదు. సెగకు చెమటోడ్చిన బాలుఁడు తల్లి వండినదానికి వంకపెట్టుటకు వెనుదీయును. పునరుత్థానుఁడైన ప్రభువు సముద్రతీరమున నిప్పులమీఁద చేపలను, రొట్టెను సిద్ధపఱచి శిష్యులను భోజనమునకు పిలిచెనని యోహాను సువార్త 21వ అధ్యాయమువలన తెలియుచున్నది. ప్రభువు చేసిన పని మన కుమారులకు తక్కువ కానేరదు.

కావున తలిదండ్రులారా, ఈ సెలవులలో మీ కుమారునకు ఒకపూట పొయ్యి నప్పగింపుఁడు. నీరు వానినే కొలువనిండు.