పన్నూ, పిరికితనమూ

పన్నునొప్పి వచ్చినవాడికి వేదాంతం పనికిరాదు. ఇరవై యేళ్లుగా కాలేజీలో కుర్రాళ్లకు నవరసాలు పాఠం చెబుతున్నాను. అందులో భయానకమంటే ఏమిటో మాత్రం మొన్న మొన్న, డాబాగార్డెన్స్‌లో ఒక దంతవైద్యుడి గుమ్మం ముందు బోధపడింది.

నా కింది దవడలో జ్ఞానదంతం ఒకటి అడ్డంగా మొలిచింది. చిగురు కోసి, ఎముక కాస్త చెక్కి తీయాలన్నారు. పరీక్ష పేపర్లనీ, పెళ్లిళ్లనీ, వానలనీ నాలుగు నెలలు గడిపాను. మా ఆవిడ ఊరుకుంది గాని, తొమ్మిదేళ్ల మా అమ్మాయి ఊరుకోలేదు.

"నా పాలపన్ను తీయించినప్పుడు ఏడిస్తే పిరికిదానా అన్నావు గదా నాన్నా?" అంది.

అన్నమాట నిజమే. మర్నాడే బయల్దేరాను.

కుర్చీలో కూర్చోగానే నా చేతులు కుర్చీ చేతుల్ని గట్టిగా పట్టుకున్నాయి. డాక్టరుగారు చూశారు గాని నవ్వలేదు.

"భయపడటంలో సిగ్గేముంది మాస్టారూ? ముందు దానికే మందు వేద్దాం" అని ముక్కుకు చిన్న తొడుగు తగిలించారు.

అందులోంచి వచ్చేది నైట్రస్ ఆక్సైడు, ఆక్సిజను కలిపిన గాలి. కాసేపటికి వేళ్ల కొనలు తిమ్మిరెక్కాయి. ఒళ్లు దూదిపింజలా తేలికయింది. హార్బరు వైపునుంచి ఓడ కూత వినబడింది. నిద్రా పట్టలేదు, తెలివీ తప్పలేదు. నోరు తెరవమంటే తెరిచాను. చిగురుకు మత్తుసూది ఇవ్వనే ఇచ్చారు. గుచ్చుకున్న సంగతి తెలిసింది గాని, అదేదో పక్కింటాయన చిగురన్నట్టుంది!

ఈ గాలికి పెద్ద కథే ఉంది. 1844లో అమెరికాలో హొరేస్ వెల్స్ అనే దంతవైద్యుడు దీన్ని పీల్చి, ముందు తన పన్నే పీకించుకున్నాడు. మరుసటి యేడు బోస్టనులో పదిమంది ఎదుట చేసి చూపబోతే, మత్తు చాలక రోగి కేక పెట్టాడు. చూడవచ్చినవాళ్లు వెల్సును మోసగాడని గేలి చేశారు. 1848లో ఆయన దిక్కులేని చావు చచ్చాడు. 1864లో గాని అమెరికా దంతవైద్యుల సంఘం ఆయన ఘనత ఒప్పుకోలేదు. మన హైదరాబాదులోనూ 1888, 1889లలో, క్లోరోఫారం ముందు గుండెను ఆపుతుందా, ఊపిరినా అని తేల్చడానికి కమిషన్లే కూర్చున్నాయి. నేను పీల్చిన గాలి తీరు వేరు. పీల్చడం మానిన కొద్ది నిమిషాలకే దిగిపోతుంది. అయినా గర్భవతులూ, ఊపిరితిత్తుల జబ్బున్నవాళ్లూ, జలుబుతో ముక్కు దిబ్బడ వేసినవాళ్లూ ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పాలి.

పని ముగిశాక కాసేపు ఉత్త ఆక్సిజను పట్టించి లేవమన్నారు. ఇంటికి రాగానే అమ్మాయి ఎదురొచ్చి, "ఏడ్చావా?" అంది.

నోట్లో దూది. మాట్లాడకూడదు. కాగితం తీసుకుని రాశాను: "ఆ గాలి లేకపోతే ఏడ్చేవాణ్ణే. నిన్ను పిరికిదానా అనడం నాదే తప్పు."

రెండుసార్లు చదువుకుంది. ఏమీ అనకుండా ఆ కాగితం మడిచి, తన లెక్కల పుస్తకంలో దాచుకుంది.