రంప రాళ్ళ మీద ఫెర్న్ వేట

వానాకాలంలో మారేడుమిల్లి ఘాట్ ఎక్కే కార్లు ఆగితే జలపాతం దగ్గర ఆగుతాయి, లేదంటే బొంగులో చికెన్ దగ్గర. రాజమండ్రి నుంచి గోకవరం, రంపచోడవరం మీదుగా వచ్చిన మా జీపు మాత్రం రోడ్డు కోసం కొండను చెక్కిన ఒక మలుపులో ఆగింది. చూడ్డానికి అక్కడ ఏమీ లేదు, ఒక రాతి గోడ తప్ప. పగుళ్ళలోంచి నీరు ఊరుతోంది. ఆ తడి ఎంతవరకు ఉందో అంతవరకే ఫెర్న్ మొక్కలు మొలిచి ఉన్నాయి.

బండి ఆపించినది వృక్షశాస్త్రం చెప్పి రిటైరైన ఒక మాస్టారు. వెంట ఇద్దరు పీజీ విద్యార్థులు, దారి చూపడానికి ఒక కొండరెడ్డి కుర్రాడు. మాస్టారు మెళ్ళో తాడుకు కట్టిన భూతద్దం తీసి, ముందుగా జానెడు కూడా లేని ఒక మొక్క దగ్గర వంగారు. ఆకును తుంచకుండానే వెనక్కి తిప్పి చొక్కా చేతికి అద్దారు. బట్ట మీద ఆకు ఆకారం తెల్లగా అచ్చుపడింది. వెండి ఫెర్న్ అడుగున ఉండే మైనపు పొడి అది. దాని పక్కనే అడియాంటమ్ అనే మరో ఫెర్న్. కాడ నల్లగా నిగనిగలాడుతోంది, దాని మీద చంద్రవంకల్లాంటి చిన్న ఆకులు. కాడ చివర వంగి నేలను తాకినచోట వేళ్ళు పుట్టి, మరో మొక్క మొదలైంది. అలా అది రాయి వెంట ఒక్కో అడుగూ జరుగుతూ పోతుంది.

“ఎండల్లో ఇవన్నీ ముడుచుకుపోయి చచ్చినట్టే ఉంటాయండి. రెండు వానలు పడితే మళ్ళీ లేస్తాయి,” అన్నాడు కుర్రాడు. పుస్తకంలో ఉన్నదీ అదే.

కాస్త ఎగువన అదే అడియాంటమ్ మరోలా కనిపించింది. ఆకుల అంచులు లోతుగా చీలి ఉన్నాయి. “కొత్త జాతేమో సార్!” అంది విద్యార్థిని. మాస్టారు నవ్వలేదు, కాదనీ అనలేదు. నీడలో పెరిగితే ఒక తీరు, ఎండలో పెరిగితే ఒక తీరు అన్నారు. పోలిక చూడాల్సింది ఆకు పైన కాదు, అడుగున.

ఫెర్న్‌కు పువ్వుండదు, విత్తనం ఉండదు. ఆకు అడుగున గోధుమరంగు చుక్కలో, గీతలో ఉంటాయి. అవే సోరస్‌లు, అంటే సిద్ధబీజాశయాల గుంపులు. అడియాంటమ్‌లో ఆకు అంచే వెనక్కి మడుచుకుని వాటికి కప్పవుతుంది. ఒక్కో ఆశయానికి నడుముపట్టీలా ఒక కణాల వరస ఉంటుంది. ఎండేకొద్దీ ఆ కణాల్లోని నీరు తగ్గి పట్టీ వెనక్కి సాగుతుంది, ఒక దశలో ఉండేలులా ఒక్కసారిగా వదిలి సిద్ధబీజాలను విసిరేస్తుంది. ఆ బీజాలను లెక్కపెట్టడమూ ఇక్కడ ఒక పనే. మామూలుగా ఒక్కో ఆశయంలో 64 ఉంటాయి. 32 మాత్రమే ఉంటే, ఆ మొక్క ఫలదీకరణ అక్కర్లేకుండా సంతతిని పెంచుకుంటోందేమోనని అనుమానించాలి. రాతి ఫెర్న్‌లలో ఇలాంటివి తక్కువేమీ కాదు. పైకి రెండు జాతుల్లా కనిపించి ఒకటే కావచ్చు. ఒకటిగా కనిపించి రెండూ కావచ్చు.

ఇంకో చిక్కుంది. ధూళి కన్నా తేలికైన ఈ బీజాలు గాలిలో సముద్రాలు దాటుతాయి. రంప కొండల్లో కొత్తదనుకున్నది శ్రీలంకలోనో, బర్మాలోనో ఎప్పుడో పేరు పెట్టించుకుని ఉండొచ్చు. మనం చూసిన ‘నడిచే’ అడియాంటమ్‌కు వృక్షశాస్త్రవేత్త లినేయస్ 1753లోనే ఫిలిప్పీన్స్ పేరు మీద ఫిలిప్పెన్సె అని పెట్టేశాడు. వృక్షశాస్త్ర నామాలకు ఆ ఏడాదే మొదలు. ముందు అచ్చయిన పేరే చెల్లుతుంది.

ఈ నియమం వల్ల నష్టపోయినవాడు మన గోదావరి సీమలోనే కాపురమున్నాడు. విలియం రాక్స్‌బర్గ్ 1781 నుంచి సామర్లకోటలో వైద్యుడు, మొక్కల మనిషి. ఈ కొండల్లో అడవి మిరియాలు చూసి సామర్లకోటలో మిరియాల తోట వేయించాడు. స్థానిక చిత్రకారుల చేత మొక్కల బొమ్మలు గీయించాడు. ‘కోరమాండల్ తీరపు మొక్కలు’ 1795 నుంచి సంపుటాలుగా 300 బొమ్మలతో వెలువడింది. లినేయస్ శిష్యుడు కోనిగ్ ఆయన మిత్రుడే, 1785లో కాకినాడ జగన్నాథపురంలో కన్నుమూశాడు. కోనిగ్ ఈ తీరం నుంచి పంపిన ఐసోయిటిస్ అనే ఫెర్న్‌ల దూరపు చుట్టానికి లినేయస్ కొడుకు 1782లో కోరమాండెలినా అని పేరుపెట్టి అచ్చువేయించాడు. రాక్స్‌బర్గ్ ఫెర్న్‌లకు ఆ అదృష్టం పట్టలేదు. 1793లో ఆయన కలకత్తా వృక్షశాస్త్ర తోటకు వెళ్ళిపోయాడు, 1815లో పోయాడు. ఫెర్న్‌లపై రాసినది 1844లో గాని కలకత్తా పత్రికలో అచ్చుకాలేదు. ఈలోగా అవే మొక్కలకు యూరప్‌లో వేరే పేర్లు అచ్చయిపోయాయి. ఆయన పెట్టినవాటిలో చాలా పేర్లు ఇప్పుడు పర్యాయనామాల జాబితాలో ఉన్నాయి. పెద్ద పెద్ద చెట్లకు ఆయన పేరు నిలిచింది గాని, రాళ్ళ మీది చిన్న మొక్కల దగ్గర ఓడిపోయాడు.

ఇప్పుడు కొత్త జాతిని ప్రకటించాలంటే ఒక నమూనాను ఎండబెట్టి, అట్టకు అంటించి, గుర్తింపున్న హెర్బేరియంలో శాశ్వతంగా ఉంచాలి. హోలోటైప్ అంటే అదే. దగ్గరి బంధువుల నుంచి దీన్ని ఏది వేరు చేస్తోందో చెప్పే వివరణ రాయాలి. 1935 నుంచి లాటిన్‌లోనే రాయాలన్న నిబంధన ఉండేది, 2012 నుంచి ఇంగ్లిష్ కూడా చెల్లుతోంది. పొరుగున విశాఖ మన్యంలోని సప్పర్ల కొండల్లో, రాళ్ళ సందుల్లో 2018లో సేకరించిన ఒక లిల్లీ జాతి మొక్క ఇలాగే హైదరాబాద్‌లోని బొటానికల్ సర్వే శాస్త్రవేత్తల చేతుల మీదుగా క్రైనమ్ ఆంధ్రికమ్ అయింది. దానికి తెల్లటి పూలు ఉన్నాయి కాబట్టి ఎవరైనా తలతిప్పి చూస్తారు. ఫెర్న్‌ను చూడాలంటే మోకాళ్ళ మీద కూర్చోవాలి.

మలుపు దగ్గర మాస్టారు అదే చేశారు. చీలిన అంచుల అడియాంటమ్ ఆకును తిప్పి భూతద్దంలో చాలాసేపు చూశారు. సోరస్‌లు ఇంకా పచ్చిగా ఉన్నాయి. పండితే తప్ప లెక్క కుదరదు. పైగా అటవీశాఖ అనుమతి లేకుండా మొక్క పెరికేది లేదు. విద్యార్థిని ఫొటోలు తీసి, రాయి ఏ దిక్కుకు ఉందో, నీరు ఎక్కణ్ణుంచి ఊరుతోందో, పక్కన ఏ మొక్కలున్నాయో రాసుకుంది.

“ఇలాంటివే ఇంకా పెద్దవి వాగు అవతల బండ మీద ఉన్నాయండి,” అన్నాడు కుర్రాడు.

మాస్టారు వెంటనే లేచారు. “ఎంత దూరం?”

“దూరం కాదండి. వాగు దాటలేం. ఎండాకాలమైతే నడిచి వెళ్ళిపోవచ్చు.”

ఎండాకాలంలో ఆ బండ మీద ముడుచుకుపోయిన ఆకులు తప్ప ఏమీ ఉండవని అంతకుముందే చెప్పినవాడూ అతనే. మాస్టారు ఒకసారి వాగు వైపు, ఒకసారి అతని వైపు చూసి, “కార్తీకంలో నీళ్ళు ఎంతవరకు ఉంటాయి బాబూ?” అని అడిగారు.